గోదావరి ఏటిగట్టు మీద ఒక పూట నడక

ధవళేశ్వరం దిగువన ఏటిగట్టు మీద గుంపుగా నడవడానికి డిసెంబరు, జనవరి మంచివి. వరదల కాలం వద్దు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు.

పన్నెండు మందికి 12 కిలోమీటర్లు చాలు. గంటకు మూడు కిలోమీటర్లే లెక్కేసుకోండి, గుంపు నడక ఎప్పుడూ నెమ్మదే. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర పొట్లం. (పెరుగన్నం ఎండకి పులుస్తుంది.) గట్టు మీద బండ్లు తిరుగుతాయి, కుడివైపు నడిస్తే ఎదురొచ్చేవి కనిపిస్తాయి. దారి తెలిసినవాళ్లు ముందొకరు, వెనకొకరు ఉండాలి. ప్రతి రేవు దగ్గరా తలలు లెక్కపెట్టండి.

అసలు ప్రమాదం స్నానాల దగ్గరే. ఇసుక తవ్విన గోతులు నీటికింద కనిపించవు. మోకాలి లోతులో నిలబడ్డవాడు మరో అడుగు వేస్తే మునిగిపోవచ్చు. ఈత వచ్చినా సరే, దిగనివ్వొద్దు.