విశాఖపట్నాన్ని దాని చరిత్రతో, జనంతో కలిపి తెలుసుకోవడం ఎలా?

విశాఖపట్నం వచ్చేవారిలో చాలామంది రామకృష్ణా బీచ్, కైలాసగిరి చూసి అరకు రైలెక్కేస్తారు. అలా చూస్తే ఊరు అందంగానే కనిపిస్తుంది. కానీ ఈ ఊరు ఇక్కడే ఎందుకు పెరిగిందో, ఇన్ని భాషలవారు ఇక్కడికి ఎందుకు చేరుకున్నారో తెలియదు. అది తెలియాలంటే రేవు ముఖద్వారం దగ్గర మొదలుపెట్టి బయటికి రావాలి. అందుకు మూడు రోజులు కేటాయించుకుంటే మంచిది.

1. ముందుగా రేవు ముఖద్వారం చూడండి

పాతనగరం చివర, ఓడలు లోపలికి వచ్చే కాలువ పక్కన మూడు చిన్న కొండలు వరుసగా ఉంటాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై ఇషాక్ మదీనా ఔలియా దర్గా, మరొకదానిపై మేరీమాత ప్రార్థనాలయం ఉన్నాయి. మూడవదాన్ని రాస్ హిల్ అంటారు. 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్న రాస్ అనే దొర పేరు దానికి మిగిలిపోయింది. ఎదురుగా కాలువకు అవతల సముద్రంలోకి చొచ్చుకువచ్చిన పెద్ద కొండ డాల్ఫిన్స్ నోస్. గాలివానల నుంచి రేవుకు అదే అండ.

మూడింటిలో ఒక్కటే ఎక్కగలిగితే దర్గా కొండ ఎక్కమని నా సలహా. ఇక్కడి రేవులోకి వచ్చే, పోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి ఔలియాకు వందనం చేసేవనీ, తుఫాను నుంచి బయటపడిన ఓడల హిందూ యజమానులు వెండి పడవలను మొక్కుగా సమర్పించేవారనీ 1907 నాటి జిల్లా గెజిటీరు చెబుతుంది. సముద్రం మీద బతికేవారికి ప్రాణం నిలిపిన దైవం ఎవరిదన్న ప్రశ్న రాలేదు. ఈ ఊరి స్వభావం ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదని నా నమ్మకం.

2. పాతనగరం పేటల పేర్లు చదువుతూ నడవండి

కొండ దిగి కోటవీధి, సోల్జర్‌పేట, బురుజుపేటల మీదుగా నడవండి. కోట ఇప్పుడు లేదు, బురుజులూ లేవు. ఉన్నవి వాటి పేర్లే. 17వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. 1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారు దాన్ని పట్టుకున్నారు, కొద్దికాలానికే అది మళ్ళీ ఆంగ్లేయుల వశమైంది. ఓడలెక్కిన సరుకుల్లో నేతబట్టలు ముఖ్యమైనవి. ఇక్కడి పనివారు కర్రపై ఏనుగు దంతాన్ని పొదిగి, దానిపై సన్నని పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపి చేసిన పెట్టెలు, కుర్చీలు ఇప్పుడు ఐరోపా మ్యూజియంలలో ఉన్నాయి. ఫ్రెంచి మిషనరీల సెయింట్ అలోషియస్ పాఠశాల 1847 నుంచి ఈ పేటల్లోనే ఉంది.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారిని తప్పక దర్శించండి. అమ్మవారి మీద పైకప్పు ఉండదు. ఎండ, వాన నేరుగా విగ్రహం మీద పడతాయి. పసుపు, కుంకుమ ఎవరి చేతులతో వారే సమర్పించే ఆచారం ఉంది కాబట్టి బయటికి వచ్చే ఆడవారి అరచేతులు పచ్చగా ఉంటాయి. మార్గశిర మాసం గురువారాల్లో ఊరంతా అక్కడే ఉన్నట్టుంటుంది. తీరికగా చూడాలనుకుంటే ఆ రోజులు వదిలి వెళ్ళండి.

3. తెల్లవారకముందే చేపల రేవుకు వెళ్ళండి

రెండో రోజు చీకటితోనే ఫిషింగ్ హార్బర్ చేరుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో ఈ సందడి ఉండదు. మిగతా కాలంలో బోట్లు ఆనుకున్న చోటే వంజరం, చందువ, సొర, రొయ్యలు కుప్పలుగా పోసి వేలం వేస్తారు. బేరం ఆడి, తట్టలకెత్తి ఊళ్ళోకి మోసుకుపోయేవారిలో ఎక్కువమంది ఆడవారే. వారి ఉత్తరాంధ్ర యాసను చెవిపెట్టి వినండి. సినిమాల్లో నవ్వుకోసం వాడుకునే యాస, ఇక్కడ లెక్క తప్పని వ్యాపారభాష. వేలం సాగుతున్నప్పుడు అడ్డుగా నిలబడకండి, అడగకుండా ఫొటోలు తీయకండి.

4. అదే రోజు భీమిలి దారి పట్టండి

తీరం వెంట ఉత్తరంగా వెళుతుంటే ఎడమచేతి వైపు తొట్లకొండ వస్తుంది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. సుమారు రెండువేల ఏళ్ళనాటి ఈ బౌద్ధ విహారం 1970లలో నౌకాదళం చేసిన విమాన సర్వేలో బయటపడింది. తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కొండ అంచున నిలబడితే ఆ నాణేలు ఏ దారిన వచ్చాయో అర్థమవుతుంది, ఎందుకంటే ఎదురుగా సముద్రం తప్ప మరేమీ ఉండదు.

ఇంకా ముందుకు వెళితే భీమునిపట్నం. 1825లో ఆంగ్లేయుల చేతికి రాకముందు అది డచ్చివారి రేవు. వారి సమాధుల తోటను ఒకసారి చూడండి.

5. సింహాచలానికి ఒక పూట ఉంచండి

గుడిగోడల మీద, స్తంభాల మీద ఉన్న శాసనాలను వెతికి చూడండి. తెలుగు, తమిళం, ఒడియా మూడూ ఉన్నాయి. 11వ శతాబ్దం చివరి కులోత్తుంగ చోళుని కాలపు శాసనం, ఆలయాన్ని పునర్నిర్మించిన తూర్పు గంగ రాజుల శాసనాలు, 16వ శతాబ్దంలో వచ్చిన శ్రీకృష్ణదేవరాయల శాసనం ఒకే ప్రాకారంలో కనిపిస్తాయి. వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనంలోనే ఉంటాడు. నిజరూప దర్శనం అక్షయ తృతీయనాడు మాత్రమే.

6. ఆధునిక నగరాన్ని మనుషుల ద్వారా తెలుసుకోండి

ఇప్పుడు మనం చూస్తున్న మహానగరం దాదాపుగా ఒక్క శతాబ్దపు పని. 1931లో రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయి మధ్యపరగణాల (నేటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల) ఖనిజం ఇటు దిగడానికి వీలైంది; ఉప్పుటేటి బురదను తవ్వి కట్టిన ఓడరేవు 1933లో మొదలైంది. అలల దెబ్బ కాయడానికి రెండు పాత ఓడలను రేవు ముందే ముంచారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా జయపురం, కోరాపుట్ ప్రాంతాలు ఈ జిల్లాలోనివే కాబట్టి, ఇక్కడి ఒడియావారిని వలసవచ్చినవారిగా మాత్రమే చూడడం సరికాదు. స్వతంత్ర భారతంలో నిర్మించిన తొలి పెద్ద ఓడ జల ఉషను 1948లో నెహ్రూ ఇక్కడే జలప్రవేశం చేయించారు. రైల్వేతో, నౌకాదళంతో, కర్మాగారాలతో బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, ఉత్తరాదివారు వచ్చి స్థిరపడ్డారు.

1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అంటూ సాగిన ఉద్యమంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. కర్మాగారం 1970లో మంజూరైంది. దాని గురించి గాజువాక వైపు ఎవరినైనా పెద్దవారిని అడగండి. భూములిచ్చిన కుటుంబమైతే తమ ఊరి పేరు ముందు చెబుతారు. ఆ పేరును రాసుకోండి, ఆ ఊరు ఇప్పుడు పటంలో కనిపించకపోవచ్చు.