వేటపక్షుల ఫొటోలు: గాలిని చూసి నిలబడండి

డేగలను, గద్దలను ఫొటో తీయాలనుకునేవారు ముందుగా లెన్సు గురించి అడుగుతారు. 400 మిల్లీమీటర్ల లెన్సుతో పని మొదలుపెట్టవచ్చు, 600 ఉంటే మరింత సుఖం. అయితే ఫొటో బాగా రావడం మాత్రం మనం ఎక్కడ నిలబడ్డామన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుందని నా నమ్మకం.

నేర్చుకోవడానికి అడవి రామదాసును మించిన పక్షి లేదు. నల్లని భుజాలు, ఎర్రని కళ్లు గల ఈ చిన్న గద్ద పొలాల మీదుగా పోయే కరెంటు తీగలపైన, ఎండు కొమ్మలపైన కూర్చుని, ఉండుండి తోకను పైకెగరేస్తూ ఎలుకల కోసం నేలను గాలిస్తుంది. వేటకు దిగినప్పుడు గాలికి ఎదురు తిరిగి, రెక్కలాడిస్తూ ఆకాశంలో ఒకేచోట నిలుస్తుంది. కొంత కిందికి దిగి మళ్లీ ఆగుతుంది. కాళ్లు కిందికి వేలాడేసిందంటే దూకే సమయం దగ్గరపడినట్టే. కాబట్టి గాలి, సూర్యుడు రెండూ మన వీపు వైపు ఉండేలా చూసుకుంటే పక్షి ముఖం మనవైపు ఉంటుంది, ఆ ఎర్రని కంట్లో వెలుగు పడుతుంది. రెండూ కుదరని రోజున సూర్యుణ్ణే ఎంచుకోండి, ఎందుకంటే నీడలో పడిన కన్ను నల్లని చుక్కలా మిగిలిపోతుంది. కూర్చున్న పక్షి కూడా సాధారణంగా గాలికి ఎదురుగానే ఎగురుతుంది. లేచే ముందు చాలాసార్లు రెట్ట వేసి, ఒంటిని ముందుకు వంచుతుంది. వరుస ఫొటోలు మొదలుపెట్టవలసింది అప్పుడే.

రోడ్డు పక్కన కనిపిస్తే కారు దిగకండి. వాహనాన్ని అంతగా పట్టించుకోని పక్షి, మనిషి కాలు నేల మీద పెట్టగానే లేచిపోతుంది.

ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 2000వ వంతుకు తగ్గకూడదు. ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 లేదా 6.3 దగ్గర ఉంచి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోకు వదిలి, ఫోకస్‌ను కదిలే పక్షిని వెంటాడే కంటిన్యువస్‌లో పెట్టుకోండి. వెలుగు నిండిన ఆకాశం ముందు పక్షి నల్లబడిపోతుంది గనుక ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలో పడే వెలుగును, ఒక స్టాప్ (రెట్టింపు) వరకు పెంచాలి. ఎండ ముదిరాక నేల నుంచి లేచే వేడి గాలికి దూరపు ఫొటోలు మసకబారతాయి, దానికి ఏ సెట్టింగూ విరుగుడు కాదు. పొద్దు పొడిచిన తర్వాతి రెండు గంటలే మంచివి.

ఈ అలవాటు చేతికి వచ్చాక శీతాకాలంలో నంద్యాల జిల్లాలోని రోళ్లపాడుకు వెళ్లవచ్చు. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడిన ఈ అభయారణ్యపు గడ్డి మైదానాలకు ఉత్తరాది నుంచి పిల్లి గద్దలు వలస వస్తాయి. ఇవి రెక్కలను కాస్త పైకెత్తి పట్టి గడ్డికి ఆనుకున్నంత తక్కువ ఎత్తులో తేలుతూ వెతుకుతాయి గనుక, ఫోకస్ తరచు వెనుక గడ్డిని పట్టుకుంటుంది. ఫోకస్ పాయింటును చిన్నది చేసుకోండి. లేత బూడిదరంగు మగపక్షి ముదురు గడ్డి ముందు వెలుగు ఎక్కువై తెల్లగా వెలిసిపోకుండా ఈసారి ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ తగ్గించాలి. సాయంత్రం ఇవి గడ్డిలో, నేలమీదే నిద్రకు దిగుతాయి. అటవీ శాఖ అనుమతి ఉన్నా సరే, ఆ వేళ గడ్డిలోకి నడవకండి, దారిమీదే ఉండండి.

గూటి దగ్గర ఫొటోలు వద్దు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడిపోతాయి, పిల్లలు కాకుల పాలవుతాయి. ఎలుకను ఎరగా వేసి పక్షిని రప్పించడమూ అంతే తప్పు. ఫొటోను ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు అది తీసిన చోటును బయటపెట్టే జీపీఎస్ వివరాలను దానిలోంచి తొలగించండి.