హార్ట్, పువ్వు చేత్తో వంకర పోకుండా ఎలా గీయాలి?

హార్ట్ గీయడం కూడా ఒక పనా అనిపిస్తుంది, తీరా పెన్సిల్ పట్టుకుంటే ఎడమవైపు బాగానే వస్తుంది, కుడివైపు మాత్రం పంటి నొప్పితో వాచిన బుగ్గలా ఉబ్బిపోతుంది. పువ్వు సంగతీ అంతే, నాలుగు రేకులు హాయిగా వచ్చేస్తాయి, ఐదోదానికి చోటుండదు, నిండిపోయిన బస్సులో ఇంకో మనిషిని తోసినట్టు దాన్ని ఇరికిస్తాం. చెయ్యి తిరగదు నాకు అని చాలామంది అక్కడే మానేస్తారు గానీ అసలు కారణం అది కాదండీ, గీత ఎక్కడ ఆగాలో ముందే చూసుకోకపోవడం.

హెచ్‌బి పెన్సిల్, రబ్బరు, స్కేలు చాలు. షేడింగ్ కూడా వేస్తామంటే 2బి ఒకటి పెట్టుకోండి, మెత్తగా నల్లగా పడుతుంది. పెన్సిల్ని మొనకి మరీ దగ్గరగా కాకుండా కాస్త వెనక్కి పట్టుకుని లేతగా గీయండి, నొక్కి గీస్తే కాగితంలో గాడి పడిపోతుంది, తర్వాత ఎంత చెరిపినా ఆ గాడి పోదు.

హార్ట్‌కి ఆరు చుక్కలు

ముందు లేతగా 6 సెంటీమీటర్ల నిలువు గీత గీయండి. దాని అడుగు చివర ఒక చుక్క, అది హార్ట్ మొన. పైనుంచి 1 సెంటీమీటరు కిందకి వచ్చి ఇంకో చుక్క, అది మధ్యలో నొక్కు పడే చోటు. గీత పై చివరకి సమానంగా అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు, ఇవి రెండు గుండ్రాల నెత్తులు. ఇక పైనుంచి 2 సెంటీమీటర్లు దిగి అటు 3, ఇటు 3 దూరంలో రెండు పెడితే మొత్తం ఆరు, ఈ చివరివి హార్ట్ బాగా వెడల్పయ్యే చోట్లు.

ఇప్పుడు నొక్కు దగ్గర మొదలుపెట్టి నెత్తి చుక్క మీదుగా పక్క చుక్కని తాకుతూ మొనకి దింపేయండి. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది, గీసేటప్పుడు కళ్ళు పెన్సిల్ మొన మీద ఉండకూడదు, వెళ్ళాల్సిన తర్వాతి చుక్క మీద ఉండాలి, అప్పుడు చెయ్యి వణికినా గీత దారి తప్పదు. పక్క చుక్క నుంచి మొనదాకా వచ్చే గీత మరీ తిన్నగా ఉంటే కింద సగం త్రికోణంలా అయిపోతుంది, కొంచెం బయటికి వంచండి. అయిపోయాక కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి, మామూలుగా చూసినప్పుడు పట్టుబడని వంకర అప్పుడు ఠక్కున కనబడుతుంది.

కంపాస్ ఉంటే ఇంకో దారి ఉంది. 4 సెంటీమీటర్ల చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెట్టినట్టు గీసి, పైనున్న రెండు భుజాల మధ్య బిందువుల దగ్గర ముల్లు పెట్టి 2 సెంటీమీటర్ల వ్యాసార్థంతో బయటివైపు అర్ధవృత్తాలు గీయాలి. లెక్క ప్రకారం పక్కాగా వస్తుంది, కాకపోతే వెడల్పు 6.8, ఎత్తు 6.2 దాకా ఉండి కాస్త బొద్దుగా కనిపిస్తుంది, నాకైతే చుక్కల హార్టే నచ్చుతుంది.

ఇప్పుడు పువ్వు

ఐదు రేకుల పువ్వుకి మధ్యలో చిన్న సున్నా, దాని చుట్టూ పెద్ద సున్నా గీయండి, పెద్దది రేకుల చివరలు ఎంతవరకు రావాలో చెప్పే హద్దు. ఒక్కో రేకు మధ్యకీ 72 డిగ్రీలు దూరం ఉండాలి గానీ కోణమానిని అక్కర్లేదు, కాళ్ళు చేతులు చాపి నిలబడ్డ మనిషిని ఊహించుకోండి, తల ఒకటి, చేతులు రెండు, కాళ్ళు రెండు, అవే మీ ఐదు దిక్కులు. ముందు ఐదు గీతలూ గీసేసి ఆ తర్వాతే ఒక్కో గీత చుట్టూ రేకు కట్టండి, అప్పుడు ఐదోది ఎక్కడికీ పోదు. ఆరు రేకులు కావాలంటే ఇంకా సులువు, సున్నా గీసిన కంపాస్‌ని అదే కొలతతో సున్నా మీద వరసగా పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరుసార్లు పడుతుంది. లిల్లీ అలాంటిదే, కాకపోతే మూడు రేకులు ముందుకి, మూడు వాటి సందుల్లోంచి వెనక్కి ఉండాలి. మందారమైతే ప్రతి రేకూ ఒక అంచుతో పక్కదాని మీదకి ఎక్కుతుంది, అది చూపిస్తే చాలు పువ్వు తిరుగుతున్నట్టు ఉంటుంది.

అన్ని రేకులూ అచ్చు ఒకేలా వస్తే మాత్రం అది రబ్బరు స్టాంపులా ఉంటుంది. ఒకదాని అంచు కొంచెం మడవండి, ఒకదానికి చిన్న చీలిక పెట్టండి. రేకు మీద ఈనెలు అడుగు నుంచి విసనకర్రలా విచ్చుకోవాలి, అడ్డదిడ్డంగా కాదు, అవి కూడా మూడో నాలుగో చాలు.

పువ్వు ముందుకో వెనక్కో వాలినట్టు కావాలంటే బయటి సున్నాని పైనుంచీ కిందనుంచీ నొక్కి, అడ్డంగా పెట్టిన కోడిగుడ్డులా గీయండి, పక్క రేకులు పొడుగ్గానే ఉంటాయి, ముందూ వెనకా ఉన్నవి పొట్టి అయిపోతాయి. కాడ మాత్రం రేకు అంచు నుంచి కాదు, పువ్వు మధ్య భాగం వెనక నుంచి వస్తున్నట్టు గీయాలి, ఇది తప్పితే పువ్వు కాడకి అతికించినట్టు ఉంటుంది.

రెండూ కలిపి కావాలా? ఐదు దిక్కుల గీతల మీద ఐదు హార్ట్లు, మొనలు మధ్యలోకి పెట్టి గీయండి, కొసన నొక్కున్న రేకులతో పువ్వు వచ్చేస్తుంది.

ఆఖర్న పెన్‌తో గీత మీద గీత వేసుకుని పెన్సిల్ చెరపండి, కానీ ఇంకు బాగా ఆరాక. నేను ఒకసారి గ్రీటింగ్ కార్డు మీద అంతా అందంగా వచ్చాక ఆగలేక జెల్ పెన్ తడి ఉండగానే రబ్బరు పెట్టి రుద్దేశా, హార్ట్ మధ్యలోంచి పక్కదాకా నల్లటి చార. చేసేదేంలేక ఆ చార మీద ఒక కాడ, రెండు ఆకులు గీసి ఇచ్చేశా, తీసుకున్నవాళ్ళు ఆకులే బాగున్నాయన్నారు.