కొత్త ద్రాక్ష రకం తయారుచేద్దాం - 5వ పాఠం: పండిన గుత్తిని కాగితం మీద పెట్టడం

నాలుగో పాఠంలో మన మొలకలు పందిరి ఎక్కాయి. అక్టోబరులో కత్తిరించిన తీగల మీద ఇప్పుడు గుత్తులు రంగు తిరుగుతున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి నెలలే ద్రాక్ష కోతకాలం కాబట్టి ఈ పాఠం చదివి పక్కన పెట్టకండి, గుత్తులు చెట్టు మీద ఉండగానే పని మొదలుపెట్టండి.

ఈసారి నేర్చుకునేది ఒకటే పని. మీ తీగను ఎన్నడూ చూడని మనిషి మీరు రాసింది చదివి, పది రకాల గుత్తుల్లోంచి మీ గుత్తిని తీసి చూపించగలగాలి. దాన్నే రకం వర్ణన అంటాం.

సంకరం చేయడమే అసలు విద్య, వర్ణన అంటే చివర్లో నింపే ఫారం అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ద్రాక్షలో ఒకే పండులోని రెండు గింజలు నాటినా రెండు వేర్వేరు తీగలు వస్తాయి, రెండిట్లో ఏదీ అచ్చం తల్లిలా ఉండదు. అందుకే తోటలు గింజలతో కాకుండా కొమ్మ ముక్కలతో, అంట్లతో పెంచుతారు. అంటే ద్రాక్షలో కొత్తదాన్ని పుట్టించడం పెద్ద కష్టం కాదు. పుట్టినది ఎందులో కొత్తదో నిరూపించడమే కష్టం.

దీనికి మంచి ఉదాహరణ బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా రకాలు. అర్కావతి, అర్కా నీలమణి, అర్కా కృష్ణ, ఈ మూడింటికీ తల్లిదండ్రులు ఒకటే: బ్లాక్ చంపా, థామ్సన్ సీడ్‌లెస్. కానీ అర్కావతి పండు పసుపు కలిసిన ఆకుపచ్చ, మిగతా రెండూ నలుపు. మూడో పాఠంలో రంగు గురించి చెప్పుకున్నది ఇక్కడ గుర్తుచేసుకోండి. పండు తెల్లగా ఉండాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ తెలుపు లక్షణమే రావాలి. ఒక్క వైపు నుంచి నలుపు వచ్చినా పండు రంగు తేలుతుంది. థామ్సన్ ఎలాగూ తెలుపే ఇస్తుంది. అర్కావతి తెల్లగా పుట్టిందంటే నల్లని బ్లాక్ చంపాలో కూడా తెలుపు లక్షణం ఒకటి దాగి ఉందన్నమాట. కాబట్టి "ఫలానా, ఫలానా రకాల సంకరం" అని రాసినంత మాత్రాన వర్ణన పూర్తయినట్టు కాదు. నీలమణికీ కృష్ణకూ రంగు కూడా ఒకటే. అక్కడ గుత్తి, పండు ఆకారం, రుచి, ఆకు, ఇవన్నీ చూసి వేరు చెప్పాలి.

మన హైదరాబాద్ అనాబ్-ఎ-షాహి కూడా ఈ సంకరాల్లో చాలాసార్లు తల్లో తండ్రో అయింది. క్వీన్ ఆఫ్ ది విన్‌యార్డ్స్‌తో కలిపితే అర్కా కాంచన్ వచ్చింది, థామ్సన్‌తో కలిపితే గింజలేని అర్కా శ్వేత వచ్చింది. మీలో ఎక్కువమంది సంకరంలో అనాబ్ ఉంది కాబట్టి ఈ పాఠమంతా అనాబ్‌నే పోలిక రకంగా పెట్టుకుందాం. పోలిక లేని వర్ణనకు విలువ లేదు. "పెద్ద పండు" అంటే దేనికంటే పెద్దది?

ముందు ఆకు నోట్సు తీయండి

గుత్తి దగ్గరికి వెళ్లేముందు, అక్టోబరు కత్తిరింపు తర్వాత మీతో రాయించిన పేజీలు తెరవండి. లేత కొమ్మ 10 నుంచి 30 సెంటీమీటర్ల పొడవున్నప్పుడు చిగురు కొన చూశాం. విచ్చుకుని ఉందా, ముడుచుకుని ఉందా, దాని మీద నూగు ఎంత, ఎరుపు జీర ఉందా అని రాశాం. తర్వాత పిందె పడినప్పటి నుంచి రంగు తిరిగేలోపు, కొమ్మ నడిమి భాగం నుంచి 10 ముదురు ఆకులు తీసుకుని తమ్మెలు ఎన్ని, అంచు పళ్ల ఆకారం ఎలా ఉంది, ఆకు అడుగున ఈనెల మధ్య నూగు ఎంత ఉంది అని చూశాం.

వీటిలో నేను ఎక్కువగా నమ్మేది ఆకు కాడ అతికే చోట ఉండే నొక్కు. అది బాగా తెరుచుకుని ఉందా, రెండు అంచులూ తాకుతున్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కాయా అన్నది నీళ్లు, ఎరువు మారినా అంత తేలిగ్గా మారదు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ, అంటే ఓఐవీ తయారుచేసిన వర్ణన జాబితాలో దీని సంఖ్య 079. చాలా లక్షణాలకు ఆ జాబితాలో 1, 3, 5, 7, 9 అని అంకెలు ఇస్తారు. ఈ నొక్కుకైతే 1 అంటే చాలా తెరుచుకున్నది, 9 అంటే అంచులు బాగా ఒకదాని మీద ఒకటి ఎక్కినది. ఆ పేజీలు ఖాళీగా ఉన్నవాళ్లు ఇప్పుడు టెన్షన్ పడి ముదిరి ఎండుతున్న ఆకుల్ని చూసి నింపకండి. వచ్చే సీజన్‌కు వదిలేయండి.

గుత్తి కోయడం

ఉదయం పూట, మంచు ఆరాక కోయండి. కాడ పట్టుకుని కోయాలి, పండ్ల మీద వేళ్లు పడకూడదు. పండు మీద తెల్లగా కనిపించే పలచని మైనపు పొర కూడా ఒక లక్షణమే. ఒకసారి తుడుచుకుపోతే మళ్లీ రాదు, రాసుకోవడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

పది గుత్తులు దొరికితే పది, తొలి కాపులో నాలుగే ఉంటే నాలుగు. ఎన్ని చూశారో ఆ సంఖ్య తప్పకుండా రాయండి. అందమైన గుత్తిని ఏరుకోకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జిబ్బరెల్లిక్ ఆమ్లం తగిలిన గుత్తిని వర్ణనకు వాడకండి. గింజలేని రకాల్లో పండు సాగడానికి, గుత్తి వదులు కావడానికి రైతులు దాన్ని వాడతారు. వ్యాపారానికి అది సరైన పనే. కానీ మందుతో సాగిన పండు పొడవు ఆ రకం పొడవు కాదు. పక్క వరసలో మందు కొడుతుంటే మీ తీగకు అడ్డంగా పట్టా కట్టించండి, వీలుకాకపోతే ఆ తీగను ఈ ఏడు వర్ణనలోంచి తీసేయండి.

ముందు ఒక్కో గుత్తినీ తూకం వేయండి. కాడ వదిలేసి పొడవు, బాగా వెడల్పుగా ఉన్న చోట వెడల్పు కొలవండి. తర్వాత బిగువు. దీన్ని కంటితో కాకుండా వేలితో తేల్చాలి. పండ్ల మధ్య తొడిమలు స్పష్టంగా కనిపిస్తూ పండ్లు విడివిడిగా ఉంటే అది వదులు గుత్తి. తొడిమలు కనిపించకపోయినా పండును వేలితో కదిపితే కదులుతుంటే మధ్యస్థం, అంటే 5. కదలకపోతే 7. ఒకదాన్నొకటి నొక్కుకుని పండ్ల ఆకారమే చదునుగా మారితే 9. మన దగ్గర మార్చిలో అకాల వానలు పడతాయి. బిగువు 9 ఉన్న గుత్తిలో లోపల చేరిన నీరు ఆరదు, ఒక పండు పగిలితే చుట్టూ ఉన్నవి కుళ్లిపోతాయి. అందుకే తినే ద్రాక్షలో ఈ ఒక్క అంకె చూసి నేను చాలా మొలకల్ని పక్కన పెట్టేస్తాను, రుచి ఎంత బాగున్నా సరే.

ఒక్క పండు చేతిలోకి తీసుకుని

ఒక్కో గుత్తి నడిమి భాగం నుంచి మూడు పండ్లు, చిన్న కత్తెరతో తొడిమతో సహా తీయండి. వెర్నియర్ కాలిపర్‌తో పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలవండి. కాలిపర్ దవడలు పండును తాకాలి, నొక్కకూడదు. సగటుతో పాటు అన్నిటికంటే చిన్నదీ పెద్దదీ కూడా రాయండి.

ఆకారానికి సొంత మాటలు వాడకండి. గుండ్రం, కోలగా ఉన్నది, పొడవు కోల, స్తంభంలా ఉన్నది, కింది వైపు లావెక్కినది, పై వైపు లావెక్కినది, ఇలా ఓఐవీ జాబితాలో బొమ్మలున్నాయి. పండును బొమ్మ పక్కన పెట్టి నిర్ణయించండి. రంగును నీడలో, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. అనాబ్ బాగా పండితే తేనె రంగు వస్తుంది, తొందరపడి కోస్తే ఆకుపచ్చగా ఉంటుంది. మీ మొలక అనాబ్ పిల్ల అయితే ఈ తేడా గుర్తుంచుకుని పక్వానికి వచ్చాకే రంగు రాయండి.

ఇప్పుడు ఒక పండును తొడిమ నుంచి నెమ్మదిగా, నిటారుగా లాగండి. తొడిమ చివర సన్నని నార కుచ్చు ఒకటి గుజ్జులోంచి ఊడి వస్తుంది. దాని పొడవు, రంగు చూడండి. పండు వదలడానికి మొరాయించి, పొడవైన కుచ్చు గుజ్జుతో సహా వస్తే ఆ రకం పండ్లు రవాణాలో తేలిగ్గా రాలవు. ముట్టుకోగానే ఊడిపోయి, తొడిమ చివర దాదాపు ఏమీ లేకపోతే బాటసింగారం మార్కెట్‌కు చేరేసరికి డబ్బా అడుగున రాలిన పండ్లే ఉంటాయి. ఖరీదైన పరికరం ఏదీ లేకుండానే ఇంత సంగతి తెలుస్తుంది, అయినా చాలా వర్ణనల్లో ఈ కుచ్చు ఊసే ఉండదు.

తర్వాత పండును నిలువుగా కోయండి. గరిష్ఠంగా నాలుగు గింజలు ఉండొచ్చు, అండాశయంలో నాలుగే అండాలు ఉంటాయి కాబట్టి. థామ్సన్ తండ్రిగా ఉన్న మొలకల్లో "గింజ ఉంది, లేదు" అని రెండు మాటలతో సరిపెట్టకండి. థామ్సన్ జాతి గింజలేనితనంలో ఫలదీకరణ జరుగుతుంది, గింజ ఎదగడం మొదలై మధ్యలో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందన్నది మొలక మొలకకూ మారుతుంది. కొన్నిట్లో తెల్లని మెత్తని చుక్క మాత్రమే ఉంటుంది, నాలుకకు తెలియదు. కొన్నిట్లో గోధుమ రంగు గట్టి పొట్టు పంటికి తగులుతుంది. కనీసం 25 పండ్లు కోసి, ఆ శేషాల రంగు, గట్టితనం, దొరికితే సన్నతూకంతో బరువు రాయండి. కొన్నవాళ్లకు పంటికి తగిలేదాన్ని గింజలేని ద్రాక్షగా అమ్మితే అది మోసమే అవుతుంది.

తీపి, పులుపు

రుచి చూడడం చివరన పెట్టుకోండి. నాలుకకు ముందే నచ్చేస్తే చేతి కొలతలు కూడా ఆ వైపే మొగ్గుతాయి.

రసంలో తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను శుద్ధ జలంతో సున్నాకు తెచ్చి, గుత్తి పై భాగం, నడుమ, కొన, మూడు చోట్ల రసం విడివిడిగా చూడండి. సాధారణంగా భుజం దగ్గర తీపి ఎక్కువ, కొనలో తక్కువ. ఆ తేడా ఎక్కువగా ఉంటే అది కూడా రకం లోపమే, రాయండి. పరికరం 20 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసి ఉంటుంది. మార్చి మధ్యాహ్నం ఎండలో చూస్తే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఉష్ణోగ్రతను తనంతట తాను సరిచేసుకునే పరికరం కాకపోతే రసాన్ని ఇంట్లో చల్లబడనిచ్చి చూడండి. పోలికకు చెప్పాలంటే, ఈ పరికరం చూపే తీపి కొలత బ్రిక్స్‌లో అనాబ్ సాధారణంగా 14 నుంచి 16 దగ్గర ఉంటుంది, థామ్సన్ 20 దాటగలదు.

పులుపుకు 10 మిల్లీలీటర్ల రసంలో రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం బొట్టు బొట్టుగా కలపండి. లేత గులాబీ రంగు నిలిచేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో దాన్ని 0.075తో గుణిస్తే 100 మిల్లీలీటర్ల రసంలో టార్టారిక్ ఆమ్లం ఎన్ని గ్రాములో వస్తుంది. 8 పట్టాయంటే 0.6. బ్రిక్స్ 16 అయితే తీపి, పులుపుల నిష్పత్తి 27 దగ్గర. నిష్పత్తి 20 దాటిన పండు చాలామందికి తియ్యగా అనిపిస్తుంది. చూశారా, బ్రిక్స్ 18 ఉన్నా ఆమ్లం 1 ఉంటే ఆ పండు నోటికి పుల్లగానే ఉంటుంది. కాబట్టి బ్రిక్స్ ఒక్కటే రాసి ఊరుకోకండి.

ఇప్పుడు తినండి. గుజ్జు కరకరలాడిందా, జారుగా ఉందా? తోలు నోట్లో మిగిలిందా? మస్కట్ ద్రాక్షల వాసన ఉందా, బెంగళూరు బ్లూ రకంలో ఉండే ఘాటు వాసన ఉందా, ఏమీ లేదా? జాబితాలో వీటికి విడి అంకెలున్నాయి.

వాక్యం రాయడం

ఊహించిన ఉదాహరణ ఒకటి ఇస్తాను. "పెద్ద, తియ్యని, ఆకర్షణీయమైన పండ్లు" అని రాస్తే చదివినవాడికి ఏమీ తెలియదు. దాని బదులు ఇలా రాయండి: "జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడని 10 గుత్తుల్లో, పండు పొడవు కోల ఆకారం, అదే పందిరి మీది అనాబ్ కంటే పొట్టి. బిగువు 5. కుచ్చు పొడవు, పండు తేలిగ్గా ఊడదు. గింజ శేషం గోధుమ రంగు, పంటికి తగులుతుంది. బూజు తెగులు అనాబ్‌తో సమానంగా పట్టింది." చివరి రెండు వాక్యాలూ లోపాలే. వాటిని దాచకండి. అనాబ్‌కు బూజు తెగులు తేలిగ్గా పడుతుందని రైతులందరికీ తెలుసు, దాని పిల్లలో ఆ సంగతి ఎలా ఉందన్నదే వాళ్లు మొదట అడిగే ప్రశ్న.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద నమోదు కావాలంటే రకం ఇతర రకాల నుంచి వేరుగా ఉండాలి, తీగలన్నీ ఒకే తీరుగా ఉండాలి, అంట్లు కట్టినా మారకూడదు. తీగ జాతులకు రక్షణ గరిష్ఠంగా 18 ఏళ్లు. దరఖాస్తుకు ఏడాది కంటే ముందే మన దేశంలో అమ్మకం మొదలైతే కొత్తదనం పోయినట్టే, కాబట్టి మొదటిసారి ఎవరికైనా అమ్మిన తేదీ రాసిపెట్టుకోండి. పేరు గురించి ఇప్పుడే ఆలోచించకండి, వట్టి అంకెలు మాత్రం పేరుగా చెల్లవు. ఒక్క తల్లి మొలక మీద రాసిన వర్ణన ఎలాగూ తాత్కాలికమే. దాని నుంచి కట్టిన అంట్లు కాశాక మళ్లీ ఇవే కొలతలు తీయాలి.

ఇంటిపని

రైతు బజారు నుంచి నాలుగు రకాల ద్రాక్ష తెచ్చుకోండి. ఇది చెయ్యి తిరగడానికే, మందు తగిలిన గుత్తులైనా ఫర్వాలేదు. ఒక రకాన్ని రంగు మాట రాయకుండా వర్ణించి, ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరికైనా ఇచ్చి గుత్తిని గుర్తుపట్టమనండి. వాళ్లు ఏ వాక్యం దగ్గర తడబడ్డారో అడిగి, ఆ వాక్యాన్ని తిరగరాయండి. ఆ తర్వాత మీ మొలక దగ్గరికి వెళ్లండి. ఏప్రిల్ కత్తిరింపులోపు ఈ పేజీలు పూర్తికావాలి. ఏ మొలకను ఉంచాలి, ఏది పీకేయాలి అన్నది ఆరో పాఠంలో వీటిని ముందు పెట్టుకునే తేలుస్తాం.