దోబ్రోగోస్త్: మధ్యయుగపు పోలిష్ పేరుకు అర్థం కనుక్కోవడం ఎలా?

మధ్యయుగపు పోలిష్ పేర్లలో చాలావరకు రెండు మాటలు కలిసిన సమాసాలు కాబట్టి, విగ్రహవాక్యం చెప్పడం వచ్చిన తెలుగు పాఠకుడికి వాటి అర్థం తెలుసుకునే దారి సగం తెలిసినట్టే. ఈనాడు చాలా అరుదైపోయిన దోబ్రోగోస్త్ అనే పురుషనామాన్ని తీసుకుని చూద్దాం.

ముందుగా పాత పత్రాల్లో పేరు ఏ రూపంలో ఉందో చూడాలి. అప్పటి లేఖకులు లాటిన్‌లో రాసేవారు కనుక పేరు చివర లాటిన్ ప్రత్యయం చేర్చి దోబ్రోగోస్తియుస్ అనేవారు; ఆ ప్రత్యయాన్ని తీసివేస్తేనే అసలు పేరు బయటపడుతుంది. ఇందుకు మొదట తెరవవలసినది విటోల్ద్ తషిత్స్కి సంపాదకత్వంలో 1965 నుంచి వెలువడిన ప్రాచీన పోలిష్ వ్యక్తినామాల నిఘంటువు.

తరువాత పేరును విడదీయాలి. ‘దోబ్రో’ అంటే మంచి, ‘గోస్త్’ అంటే అతిథి. విడదీసిన చోటు సరైనదేనని నమ్మాలంటే ఒక్కొక్క భాగమూ వేరే పేర్లలో కనిపించాలి: దోబ్రోమిర్‌లో మొదటిది, రాదోగోస్త్‌లో రెండవది ఉన్నాయి.

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. పోలిష్‌కు మూలమైన పాత స్లావిక్ భాషలో ‘గోస్త్’ అంటే పరదేశం నుంచి వచ్చిన వర్తకుడు కూడా. పోలిష్‌లో రహదారికి ‘గోశ్చినియెత్స్’ అనే పాతమాట ఈ ధాతువు నుంచే పుట్టింది. ఊరి నుంచి వచ్చినవారు తెచ్చే కానుకనూ అదే మాటతో పిలుస్తారు. అందుచేత ‘మంచి అతిథి’ అని కర్మధారయంగా సరిపెట్టుకోకుండా, ‘వచ్చినవారిని ఆదరించేవాడు’ అని చెప్పుకోవడమే నాకు సమంజసంగా తోస్తుంది. నేటి భాషను పట్టుకుని అర్థం చెబితే ఎంత దూరం పోతామో కాజిమియెష్ అనే పేరు చూపిస్తుంది: ‘శాంతిని చాటేవాడు’ అని తరువాతివారు చెప్పుకున్నా, దాని తొలి అర్థం ‘శాంతిని భగ్నం చేసేవాడు’.

పేరు ఎందుకు అరుదైందో కూడా చూడాలి. 966లో పోలండ్ పాలకుడు మియెష్కో క్రైస్తవ జ్ఞానస్నానం పొందిన తరువాత, కొన్ని శతాబ్దాలలో పునీతుల పేర్లు దేశీయ నామాలను పక్కకు నెట్టాయి. 1253లో పునీతుడిగా ప్రకటింపబడిన స్తనీస్వాఫ్ పేరు అందువల్లనే నిలిచింది. దోబ్రోగోస్త్‌కు అటువంటి అండ దొరకలేదు; 1401లో మరణించిన గ్నియెజ్నో అగ్రపీఠాధిపతి ఒకరు ఈ పేరు ధరించినా లాభం లేకపోయింది.

చివరగా పటం తెరిచి ఊళ్ల పేర్లు వెతకండి. పోలండ్‌లో దోబ్రోగోష్చ్ అనే ఊరు ఉంది. ఆ మాటకు ‘దోబ్రోగోస్త్‌కు చెందినది’ అని అర్థం.