వీడియో పాట తీద్దాం – 4వ పాఠం: పెదవి తప్పని ప్లేబ్యాక్

ప్లేబ్యాక్ అంటే ముందే రికార్డు చేసిన పాటను సెట్‌లో వినిపించి, ఆర్టిస్టు చేత దానికి పెదవి కలిపించడం. పోయిన పాఠంలో రాసిన బీట్ షీట్ (ఏ లైను ఏ బీటు దగ్గర వస్తుందో రాసిన కాగితం) ముందు పెట్టుకోండి. మన నమూనా జానపదం నాలుగు బీట్ల నడకలో, నిమిషానికి 100 బీట్ల వేగంతో, మొత్తం 4 నిమిషాల 28.8 సెకన్లు ఉంది. బీటుకు 0.6 సెకను, నాలుగు బీట్ల ఆవర్తానికి 2.4 సెకన్లు. పదహారు ఆవర్తాల చరణానికి 38.4 సెకన్లు, ఎనిమిది ఆవర్తాల బీజీఎం బిట్‌కు (మాటల్లేని వాద్యాల భాగానికి) 19.2. ఈ పాఠమంతా ఈ అంకెల మీదే నడుస్తుంది.

సెట్‌లో పాట వినిపించే యంత్రాన్ని పాతవాళ్లు ఇప్పటికీ ‘నాగ్రా’ అంటారు. స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో స్విట్జర్లాండ్‌లో తయారుచేసిన టేప్ రికార్డర్ పేరది. ఆయన మాతృభాష పోలిష్‌లో ఆ మాటకు ‘రికార్డు చేస్తుంది’ అని అర్థం. టేపు పోయి ఫోనూ ల్యాప్‌టాపూ వచ్చినా ఆ పనికున్న బరువు తగ్గలేదు. అయినా ఆరుగురో ఎనిమిదిమందో ఉండే చిన్న జట్లలో దాన్ని ఖాళీగా కనిపించిన కుర్రాడి చేతిలో పెడుతుంటారు. ఇది మానుకోవాలి. బీట్ షీట్ రాసిన అసిస్టెంట్ డైరెక్టరే ప్లేబ్యాక్ నడపాలి. డ్యాన్స్ మాస్టర్ “రెండో చరణం మూడో లైన్” అనగానే వెతుక్కోకుండా అక్కడికి వెళ్లగలిగేది ఆ మనిషే.

పాట చేతికి వచ్చినప్పుడు

సంగీత దర్శకుడి నుంచి అడగాల్సింది వేవ్ ఫైల్: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మొదటి బీటుకు సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము (మన లెక్కలో సెకనులో 25వ వంతు) నిడివి బీప్ ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఎంపీ3తో షూటింగ్‌కు వెళ్లకండి. ఎంపీ3గా మార్చి తిరిగి తెరిచేటప్పుడు మొదట్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది, మామూలుగా 25 మిల్లీసెకన్ల దాకా. అర ఫ్రేమే కదా అనిపిస్తుంది గానీ, మిగతా తప్పులు కూడా ఒకే వైపు తోడైనప్పుడు అదే మనల్ని ప్రేక్షకుడు పసిగట్టని హద్దు దాటిస్తుంది.

మిక్సింగ్, మాస్టరింగ్ షూటింగ్ తర్వాత జరిగినా నష్టం లేదు. గొంతు, వేగం, నిడివి మాత్రం ముందే ఖరారు కావాలి. షూటింగ్ అయ్యాక గాయని ఒక్క మాట మార్చి పాడినా ఆ షాట్ చెడుతుంది. ‘బావా’ ఉన్నచోట ‘రారా’ పెట్టారనుకోండి. తెర మీద పెదవులు మూసుకుంటాయి, వినిపించే మాటకు ఆ మూత అక్కర్లేదు. అందుకని నిర్మాత, సంగీత దర్శకుడు, దర్శకుడు ముగ్గురూ ఒకే ఫైల్ విని, ఒకే పేరుతో, తేదీతో దాచుకున్నాకే కాల్ షీట్ వేయాలి. తర్వాత వచ్చే ప్రతి మిక్స్‌లోనూ ఆ రెండు సెకన్ల బీప్ అదే చోట ఉండాలి. కొత్త మిక్స్ రాగానే పాతదాని కింద పెట్టి తరంగాలు (ఎడిటింగ్ తెర మీద కనిపించే శబ్దం గీతలు) కలుస్తున్నాయో లేదో ఎడిటర్ చూడాలి.

ఇక ముక్కలు. పల్లవికి, ప్రతి చరణానికి, ప్రతి బిట్‌కు విడివిడి ఫైళ్లు చేయండి. ఏ ముక్కయినా దాని ముందున్న రెండు ఆవర్తాల నుంచి, అంటే ఎనిమిది బీట్లు, 4.8 సెకన్ల ముందు నుంచి మొదలవ్వాలి. ఆ ఎనిమిది బీట్ల మీద టిక్కులు పరచండి, చివరి నాలుగు టిక్కులు పై స్థాయిలో మోగాలి. ఆర్టిస్టుకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, డ్యాన్సర్ల కాలు కుదురుతుంది. కింద అసలు పాట కూడా మోగుతుంటుంది కాబట్టి ఎడిటింగ్‌లో తరంగాలు తేలిగ్గా దొరుకుతాయి. ముక్క చివర కూడా ఒక లైను అదనంగా వదలండి. తిశ్రంలో (మూడు లెక్కలో) నడిచే పాటయితే టిక్కులు ఎనిమిది కాదు, ఆరో పన్నెండో. మాస్టర్ ఏ లెక్కలో అడుగులు వేయిస్తున్నారో అడిగి అదే వేయండి.

ఎందుకు 25 ఫ్రేములు

మన కరెంటు 50 హెర్ట్జ్. 25 ఫ్రేములకు షట్టర్ 1/50, 50 ఫ్రేములకు 1/100 పెడితే ట్యూబ్‌లైట్ కింద కూడా మినుకు రాదు. 60 ఫ్రేములు, 1/120 పెట్టి ఇంటిలోపల తీస్తే గోడల మీద చీకటి పట్టీలు పాకే ప్రమాదం ఉంది. మన పాటకు ఇంకో లాభం: 0.6ను 25తో గుణిస్తే 15. ప్రతి బీటూ సరిగ్గా ఫ్రేము మీద పడుతుంది. 24లో అయితే 14.4.

కెమెరా మెనూలో 24 అని కనిపించేది చాలా కెమెరాల్లో 23.976. దాన్ని ఎడిటింగ్‌లో అచ్చమైన 24గా చదివిస్తే వెయ్యికి ఒకటి చొప్పున వేగం పెరిగి, పూర్తి పాట ఒకే టేకులో తీస్తే చివరికి పావు సెకనుకు పైగా, ఆరు ఫ్రేములు జారుతుంది. టేకు మొదట్లో కుదిరి చివర్లో తప్పే సింక్‌కు (పెదవికీ పాటకూ కుదిరే జతకు) ఇదొక కారణం. రెండోది ఫోను. ఫోన్లలో మామూలు కెమెరా యాప్ వెలుతురును బట్టి ఫ్రేముల సంఖ్యను తనే మార్చుకుంటూ పోతుంది. ఫోనుతో తీస్తే 25కు కట్టిపడేసే యాప్ వాడండి.

స్పీకర్ ఎక్కడ పెట్టాలి

ఈ పాఠంలో ఎక్కువ జాగ్రత్తగా చదవాల్సింది ఈ భాగమే.

మాట పెదవి కంటే ముందు వినిపించడమూ, వెనక వినిపించడమూ మన కంటికి ఒకటి కావు. దూరంగా ఉన్న మనిషి మాట కాస్త ఆలస్యంగా చేరడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. పెదవి కదలకముందే మాట రావడం మాత్రం లోకంలో జరగదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫారసు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే ప్రేక్షకుడు పసిగట్టగలడు, వెనకొస్తే 125 దాకా పసిగట్టడు. మన ఫ్రేముల్లో చెప్పాలంటే ముందుకు ఒక్క ఫ్రేము, వెనక్కి మూడు. తప్పక తప్పితే తప్పు వెనక్కే ఉండాలి.

ఇప్పుడు చెరువు కట్ట ఊహించుకోండి. టెలిఫోటో లెన్సుతో కెమెరా 40 మీటర్ల దూరంలో ఉంది. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది, అంటే ఒక ఫ్రేము కాలంలో 14 మీటర్లు. 40 మీటర్లంటే మూడు ఫ్రేములు.

స్పీకర్ ఆర్టిస్టు కాళ్ల దగ్గర ఉంటే ఆమె సరైన సమయానికే పాడుతుంది. కెమెరా మైకు మూడు ఫ్రేములు ఆలస్యంగా వింటుంది. ఎడిటర్ ఆ గైడ్ శబ్దంతో (జత కుదర్చడానికి కెమెరా రికార్డు చేసుకున్న శబ్దంతో) పాటను జతచేస్తే పెదవి ముందు, పాట వెనక. హద్దులోనే ఉంది, క్లిప్‌ను టైమ్‌లైన్‌లో మూడు ఫ్రేములు కుడికి జరిపితే పూర్తిగా సరిపోతుంది. అదే స్పీకర్ కెమెరా పక్కన పెట్టారా, కథ తిరగబడుతుంది. కెమెరా వెంటనే వింటుంది, ఆమెకు మూడు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది, ఆమె పెదవి పాట కంటే వెనకబడుతుంది. జత చేసేటప్పుడు తరంగాలు చక్కగా కలుస్తాయి కాబట్టి ఎడిటర్‌కు అనుమానం రాదు, ప్రేక్షకుడు మాత్రం పట్టేస్తాడు. కాబట్టి స్పీకర్ ఎప్పుడూ ఆర్టిస్టు దగ్గరే, ఫ్రేముకు కాస్త బయట. వైడ్ షాట్‌లో రాయి వెనకో గడ్డిమోపు వెనకో దాచండి. షాట్ కాగితంలో కెమెరా దూరం మీటర్లలో రాసిపెట్టండి. ఎన్ని ఫ్రేములు జరపాలో ఎడిటర్ అడగక్కర్లేకుండా లెక్క వేసుకుంటాడు.

కొందరు వైర్‌లెస్ మైకు ట్రాన్స్‌మిటర్‌కు కేబుల్ కలిపి పాటను నేరుగా కెమెరాకు పంపుతారు. మంచి పద్ధతే. గాలి, బోరు మోటారు చప్పుడు గైడ్‌లో పడవు, దూరం లెక్కలోకి రాదు. అయితే స్పీకర్‌కు పోయే దారి కూడా కేబులే కావాలి. బ్లూటూత్ స్పీకర్ పాటను తరచుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆపి వినిపిస్తుంది. కెమెరాకు పాట ముందే చేరిపోయి, ఆర్టిస్టుకు నాలుగు నుంచి ఆరు ఫ్రేములు వెనక చేరితే ఆ రోజు తీసిన ప్రతి షాట్‌లోనూ పాట పెదవి కంటే ముందు నడుస్తుంది. బ్లూటూత్ తప్ప గతి లేకపోతే కెమెరాకు నేరుగా పంపడం మానేసి, కెమెరా మైకుతోనే విననివ్వండి. అప్పుడు ఆర్టిస్టు విన్నదే కెమెరా కూడా వింటుంది, ఆలస్యం ఇద్దరికీ ఒకటే. నేరుగా పంపేటప్పుడు ఇంకో సంగతి: ఫోను నుంచి వచ్చే శబ్దం మైకు ఇన్‌పుట్‌కు ఎక్కువవుతుంది. కెమెరా మీటర్‌లో శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా తగ్గించండి.

ఇరవైమంది కోలాటం వలయానికి నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టాలనిపిస్తుంది. వద్దు. దూరపు స్పీకర్ ప్రతిధ్వనిలా వినిపించి, వలయంలో సగంమంది ఒక బీటుకూ మిగతా సగం మరో బీటుకూ కర్ర కొడతారు. వలయానికి దగ్గరగా ఒకే పెద్ద స్పీకర్ చాలు.

నెమ్మదిగా కదిలే షాట్‌లో పెదవి

ఓణీ గాలికి నెమ్మదిగా ఎగరాలి, పెదవి మాత్రం పాటతో కలవాలి. సూత్రం ఒకటే: కెమెరా ఫ్రేములను టైమ్‌లైన్ ఫ్రేములతో భాగించి 100తో గుణిస్తే ప్లేబ్యాక్ వేగం. 50 భాగించు 25 అంటే 200 శాతం. పాటను రెట్టింపు వేగంతో వినిపించి, 50 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్‌లో సగానికి తగ్గిస్తాం. శ్రుతి మారకుండా వేగం మాత్రమే పెంచి ఫైల్ చేయండి, లేకపోతే గొంతు కీచుమని ఆర్టిస్టుకు మాట అందదు. పూర్తి పాట 2 నిమిషాల 14.4 సెకన్లు రావాలి. నిడివి అలా రాకపోతే ఆ ఫైల్ తప్పు. ఫైల్ పేరులో 100, 200 అని వేగం రాయండి.

గడగడా మాటలు పడే జానపద చరణాన్ని రెట్టింపు వేగంతో పాడటం ఎవరికీ సాధ్యం కాదు. దీర్ఘాలున్న పల్లవి లైన్లు, ‘ఓ’ అని సాగే చోట్లు దీనికి ఎంచుకోండి. ఫ్రేములను ఒక్కొక్కటిగా మార్చుకోగల కెమెరా ఉంటే 30 ఫ్రేములు, 120 శాతం పెట్టండి. కాస్త తేలిన కదలిక వస్తుంది, పాడటమూ కష్టం కాదు. 100 ఫ్రేములకు పెదవి కలపాలని ప్రయత్నించకండి. పాట నాలుగింతల వేగంతో పోతుంది. ఆ షాట్లు కాళ్లకు, గజ్జెలకు, ఎగిరే పూలకు ఉంచుకోండి.

చాలా కెమెరాల్లో స్లో మోషన్ కోసం విడిగా ఉండే మోడ్‌లో శబ్దం రికార్డు కాదు. గైడ్ లేకపోతే ఎడిటర్ కళ్లుమూసుకుని వెతకాల్సిందే. మామూలు వీడియో మోడ్‌లోనే 50 ఫ్రేములు ఎంచుకోండి, శబ్దం ఉంటుంది. డ్రోన్‌కు శబ్దమే ఉండదు కనుక, చివరి టిక్కు మీద ఫ్రేములో ఒకరు చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాలి. అరచేతులు కలిసిన ఫ్రేమే సింక్ బిందువు.

టేకులో

పిలుపుల వరస మారకూడదు: సైలెన్స్, రోల్ కెమెరా, “రోలింగ్” అన్న జవాబు, క్లాప్, తర్వాత నాగ్రా. “యాక్షన్” వేరే అక్కర్లేదు, ఎనిమిదో టిక్కే యాక్షన్. కెమెరా తిరగకముందే పాట మొదలైతే ముందరి టిక్కులు రికార్డు కావు.

ఆర్టిస్టు నిజంగా గొంతెత్తి పాడాలి. ఊరికే పెదవులు ఆడిస్తే మెడ నరాలు కదలవు, ఊపిరి కనిపించదు, సింక్ సరిగ్గా ఉన్నా అబద్ధంలాగే ఉంటుంది. గాయని ఎక్కడ ఊపిరి తీసిందో సాహిత్యం కాగితం మీద గీత పెట్టి, ముందురోజే ఇవ్వండి. ఏ లైను హీరోయిన్‌ది, ఏది కోరస్‌ది, ఏ హమ్మింగ్‌కు పెదవి కదపక్కర్లేదో అందులోనే రంగులతో గుర్తించండి. మగ కోరస్ లైనుకు హీరోయిన్ పెదవి కదిపిన షాట్ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

మానిటర్ దగ్గర చూడాల్సిన అక్షరాలు ప, ఫ, బ, భ, మ. ఓష్ఠ్యాలు కాబట్టి పలికితే రెండు పెదవులూ మూసుకుని తీరాలి. ‘అ’, ‘ర’, ‘ల’ దగ్గర రెండు ఫ్రేముల తేడా దాగుతుంది, ‘మామ’ దగ్గర దాగదు. బీట్ షీట్‌లో ప్రతి లైనులో ఒక ఓష్ఠ్యం చుట్టూ సున్నా చుట్టండి. టేకులో అసిస్టెంట్ చూసేదీ అదే, ఎడిటర్ ఆగి సరిచూసేదీ అదే.

అభ్యాసం

ఒకటి. స్నేహితుణ్ని 2 మీటర్ల దూరంలో, తర్వాత 30 మీటర్ల దూరంలో, తర్వాత 60 మీటర్ల దూరంలో నిలబెట్టి చప్పట్లు కొట్టించి 25 ఫ్రేముల్లో తీయండి. చేతులు కలిసిన ఫ్రేముకూ తరంగంలో శిఖరానికీ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. 30 దగ్గర రెండు, 60 దగ్గర నాలుగు రావాలి. రాకపోతే మీ ఫోను ఫ్రేములు నిలకడగా లేవని అనుమానించండి.

రెండు. పల్లవి మొదటి రెండు లైన్లకు 100, 200 ఫైళ్లు టిక్కులతో తయారుచేసి, రెండింటికీ ఒకే మనిషి క్లోజప్ తీయండి. 50 ఫ్రేముల క్లిప్‌ను ముందు 200 ఫైల్‌తో జతచేసి, గైడ్ శబ్దం తీసేసి, ఆ తర్వాతే వేగం సగానికి తగ్గించి అసలు పాట మీద పెట్టండి. సున్నా చుట్టిన అక్షరాల దగ్గర ఆపి, పెదవి మూసిన ఫ్రేము సరిపోయిందేమో చూడండి. ఒక ఫ్రేము తేడా వస్తే క్లిప్‌ను అటూ ఇటూ జరిపి, పెదవి ముందున్నప్పుడు ఎలా అనిపిస్తుందో, వెనకున్నప్పుడు ఎలా అనిపిస్తుందో రెండూ నోట్‌బుక్‌లో రాయండి. 5వ పాఠంలో ఈ రెండు క్లోజప్‌లనే ఎడిట్‌కు వాడుకుంటాం, చెరిపేయకండి.