జిప్సీ కింద ‘టక్’ మంటోందా? కమాన్ల రబ్బరు బుష్‌లు ఇంటి దగ్గరే మార్చుకోండి

అనంతగిరి మట్టిదారుల్లో ఆదివారమంతా తిరిగొచ్చారు. సోమవారం నుంచి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి కింద ‘టక్’ మంటోంది. షాక్ అబ్జార్బర్లు పోయాయని ఎవరో అంటారు. కొత్తవి వేయిస్తాం, డబ్బు పోతుంది, చప్పుడు మాత్రం పోదు. నాకూ అలాగే జరిగింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి చివరిదాకా నాలుగు చక్రాల దగ్గరా కమాను కట్టలే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగు పట్టీలే. వాటి కొసల్లోనూ, కమాను కొసను చాసిస్‌కు కలిపే షాకిల్ పట్టీల్లోనూ ఉండే రబ్బరు బుష్‌లు అరిగితే ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది. ఓపిక ఉంటే ఇంటి దగ్గరే చేసుకోగల పని ఇది. కాకపోతే ఏది పోయిందో తేల్చుకున్నాకే పానా పట్టండి.

ముందు చప్పుడు వినండి

చిన్న చిన్న గతుకుల మీద వరసగా లొడలొడమంటే షాక్ అబ్జార్బర్ పైకొస, కిందికొస బుష్‌లు చూడండి. షాకును చేత్తో పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. అక్కడి రబ్బరు మార్చడం తేలిక.

బండి కదిలేటప్పుడో, బ్రేకు తొక్కినప్పుడో ఒక్కసారే ‘టక్’ మంటే అనుమానం కమాను కంటి బుష్ మీద (కన్నంటే కమాను కొసన ఉండే గుండ్రటి రంధ్రం). ఇరుసు ముందుకూ వెనక్కూ జరుగుతోందన్నమాట. బండిని నేల మీదే ఉంచి, షాకిల్ పట్టీకీ కమానుకూ మధ్య టామీ రాడ్ దూర్చి మెల్లగా ఎత్తండి. మంచి రబ్బరు కొంచెం సాగి వెనక్కి వస్తుంది. కంటిలో దూరి ఉండే పిన్ను లోపల లొటలొటలాడినా, రబ్బరు ఒక పక్కకు ఉబ్బి బయటికొచ్చినా మార్చాల్సిందే.

కిర్రుకిర్రుమనే చప్పుడుకు ఒక చిట్కా ఉంది. ఒక్కో బుష్ మీద నీళ్లు చల్లుతూ బంపర్ నొక్కించండి. ఎక్కడ చల్లితే చప్పుడు ఆగిందో అదే దొంగ. ఎక్కడా ఆగకపోతే కమాను పట్టీలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయేమో చూడండి.

స్టీరింగ్ వణుకుతుంటే బుష్‌లతోనే తీరుతుందని ఆశపడకండి. స్టీరింగ్ భాగాలైన కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, వీల్ బ్యాలెన్సింగ్ కూడా చూపించాలి. బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే కమాను దిగిపోవడమో పట్టీ విరగడమో జరిగి ఉంటుంది, అది వేరే పని.

కొనేటప్పుడు

విడిభాగాల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లేముందు బండి కింద దూరి, ఎన్ని బుష్‌లు పోయాయో లెక్క రాసుకోండి. ఒక్కో కంటికి రెండు పక్కల నుంచీ ఒక్కో ముక్క దూరుతుంది, కాబట్టి జతల్లో లెక్కేయాలి. మీ జిప్సీ పాత 410 మోడలా, 1.3 లీటర్ల ఇంజన్ ఉన్న కింగ్ 413 మోడలా కొట్లో చెప్పండి. వీలైతే పాత ముక్క ఒకటి పట్టుకెళ్లండి. పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయని అంటారు. కానీ అవి గట్టివి, రోడ్డు అదురంతా లోపలికి తెస్తాయి, వాటికి పనికొచ్చే గ్రీజు లేకపోతే కీచుమంటాయి. రోజూ ఊళ్లో తిరిగే బండికి నా ఓటు మంచి రబ్బరుకే.

విప్పడం

ముందురోజు సాయంత్రమే నట్లకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. మన ఇళ్లలో షాబాద్ బండల మీద జాకీ స్టాండు నేరుగా పెడితే బండ పగలొచ్చు, నున్నటి టైల్స్ మీదైతే జారొచ్చు. కింద మందపాటి చెక్క వేయండి. ఎత్తని చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. వెనక భాగం ఎత్తితే హ్యాండ్ బ్రేకు బండిని ఆపదు, అది పట్టేది వెనక చక్రాలనే. చాసిస్‌ను స్టాండ్ల మీద నిలపండి. ఇటుకలు, రాళ్లు పేర్చి కిందికి దూరవద్దు, దయచేసి.

చాసిస్ నిలిచాక రెండో జాకీ ఇరుసు కింద పెట్టి కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉండండి. భారం సరిపోయిన చోట పిన్ను చేతికి వదులుగా వచ్చేస్తుంది. సుత్తితో బాదాల్సి వస్తోందంటే జాకీ ఎత్తు కుదరలేదనో, పిన్ను తుప్పుకు పట్టేసిందనో అర్థం. ఇరుసు బరువు బ్రేకు హోసు మీద పడకూడదు. కమానును ఇరుసుకు బిగించే యూ బోల్టుల జోలికి వెళ్లకండి, ఒక్కసారికి ఒక్క కొసే విప్పండి.

పాత రబ్బరును కత్తితో కోసి స్క్రూడ్రైవర్‌తో నెట్టేయండి. మంటతో కాల్చొద్దు, ఆ పొగ చాలా చెడ్డది. కంటి లోపల వైర్ బ్రష్‌తో రుద్ది, పిన్ను మీద గాడి పడిందేమో వేలితో తడిమి చూడండి. గాడి ఉంటే పిన్నూ మార్చండి.

కొత్త బుష్ దూర్చడానికి సబ్బు నీళ్లు చాలు. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజన్ నుంచి ఆయిల్ కారుతుంటే ముందు ఆ లీకు సంగతి చూడండి.

కొత్తవి వేసినా మూణ్నెల్లకే చిరిగిపోతే

నా బండికి మొదటిసారి ఒక గ్యారేజీలో బుష్‌లు వేయించినప్పుడు అచ్చం ఇదే జరిగింది. రబ్బరు నాసిరకమనుకున్నాను. తప్పు బిగించిన పద్ధతిలో ఉంది. బండి గాల్లో ఉండగా కమాను కిందికి వేలాడుతూ ఉంటుంది. అప్పుడే నట్లు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. బండిని దించగానే కమాను వంపు తగ్గి చదునవుతుంది, రబ్బరు మెలి తిరుగుతుంది. ఇక నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలి వదలదు. ప్రతి గుంతా దాన్ని మరింత మెలిపెడుతుంది.

అందుకే గాల్లో నట్లను చేతి బిగింపుతో ఆపండి. చక్రాలు వేసి, బండి దించి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోయండి. బంపర్ మీద ఒకరు నిలబడి పదిసార్లు ఊపాలి. కమాన్లు తమ చోట కుదురుకున్నాక, బరువు చక్రాల మీద ఉండగానే, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించండి. కింద పడుకుని బిగించడం ఇరుకే, చెయ్యి సరిగ్గా ఆడదు. అయినా పైకెత్తి బిగించే ఆలోచన చేయకండి.

నట్టు మీదా బోల్టు మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీయండి. మళ్లీ అనంతగిరి వెళ్లొచ్చాక కిందికి వంగి చూడండి. గీత తప్పి ఉంటే, బండి నేల మీద ఉండగానే ఇంకోసారి బిగించండి.